ఆగయ్య భుజం మీది కాయ

సిరిసిల్లలో సాంచెలకు, అంటే మరమగ్గాలకు, నూలు చుట్టిన బీములు మోసే ఆగయ్య కుడి భుజం కాయ కాసింది. అన్నేళ్ల బరువు మరి. ఈ మధ్య దాని పక్కనే, మెడకు కింద, నిమ్మకాయంత గడ్డ లేచింది. అదీ బీము ఒత్తిడికేనని ఆగయ్య నమ్మాడు.

జగిత్యాలలో డాక్టర్ నాహీద్ సూది పరీక్ష చేయించుకోమంది.

"బరువుకే లేచింది బిడ్డా."

"కావచ్చు కాకా. తోలు మీద ఒత్తిడి పడితే కింది కణాలు ఒకటి రెండైతయి, తోలు మందమైతది. ఒత్తిడి పోతే తగ్గుతది. మంచి కణాలు ఇరుకైతే పెరుగుడు ఆపుతయి. క్యాన్సర్ కణం ఆపదు, పక్కదాన్ని నూకుకుంట పెరుగుతది. చుట్టూ గట్టిపడ్డకొద్దీ దానికింకా ఊపు. అన్ని గడ్డలు గట్ల కావు. సూది పెడితేనే తెలుస్తది."

గుచ్చితే గడ్డ రేగుతుందని బయట ఎవరో అన్నారు. ఆ మాట పట్టుకుని ఆగయ్య ఇంటికొచ్చేశాడు.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు ఆగి, కరెంటు లేక సాంచెలు ఆగిపోయాయి. ఇక బరువు లేదు, గడ్డ తగ్గుతుందని ఆగయ్య ఆశపడ్డాడు. నిద్ర లేస్తూనే భుజం తడుముకునేవాడు. భార్య కిష్టవ్వ చూస్తే చెయ్యి తీసేసేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె వీపు రుద్దుతుంటే భుజం మీది కాయ పొట్టులా ఊడివచ్చింది. ఆగయ్య నవ్వాడు. కిష్టవ్వ నవ్వలేదు. బీడీ ఆకు కత్తిరించి కాయ కాసిన తన బొటనవేలు చూపింది. ఆకు రాక పని ఆగి, అదీ మెత్తబడింది.

"నా కాయ పోయింది. నీ కాయ పోయింది. మరి గీ గడ్డెందుకు పోలే?"

ఆగయ్య గడ్డను అరచేత్తో కప్పుకున్నాడు. "సూది పెడితే ఏమన్న అయితే?"

"పెట్టకపోతే ఏమైతదో గది చెప్పు ముందుగాల."

జగిత్యాల పోదామంటే సమ్మెలో బస్సుల్లేవు. పక్కింటి రాజం తన బండి మీద ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. దారిలో రాళ్లు అడ్డం పెట్టి కొందరు కుర్రాళ్లు ఆపారు.

"ఏంది కాకా, ముగ్గురు గూసున్నరు? బండా, లారీయా?"

ఆగయ్య చొక్కా పక్కకు జరిపి గడ్డ చూపాడు. జెండా పట్టుకున్న కుర్రాడే వంగి రాయి తీశాడు.

"పైలం కాకా. తెలంగాణ అచ్చేదాంక నువ్వుండాలె."

ఆగయ్య చొక్కా మళ్లీ కప్పుకున్నాడు.

నాహీద్ గడ్డను వేళ్లతో కదిపి చూసింది. అది కదల్లేదు. ఆమె సూది సిద్ధం చేసింది.

"భుజం వదులు చెయ్యి కాకా."

అతనికి చేతకాలేదు. సూది కనబడగానే, బీము ఎత్తుకునే ముందు బిగిసినట్టే భుజం బిగిసిపోయింది.

కిష్టవ్వ అతని అరచేతిలో తన బొటనవేలు పెట్టింది. "ఏం మోస్తున్నవ్ ఇప్పుడు? దించు."

భుజం మెల్లగా కిందికి దిగింది. ఆగయ్య కళ్లు మూసుకుని ఆ వేలిని గట్టిగా పట్టుకున్నాడు. సూది లోపలికి పోయింది.