తల్లిగారింటికి గడి లేదు

ఉట్నూర్ అడవిలో ఒక పులి నా సర్వే ఫారం మీద సంతకం పెట్టిందని చెబితే నమ్మినవాళ్లు ఉన్నారు. సంతకం కాదు, వేలిముద్ర అయి ఉంటుందని నన్నే దిద్దినవాళ్లూ ఉన్నారు. యాభైకి దగ్గరపడినా ఆ కోతలు కోసే గుణం పోలేదు. సర్వేకి వెళ్లిన చొప్పదండి దగ్గరి ఒక ఇంట్లోనూ ముందు ఆ పులి కథే దింపాను.

గర్భిణులకు డబ్బిచ్చే పథకం ఒకటి నడుస్తుండేది. సొంత ఊరి కేంద్రానికి నెలనెలా పరీక్షకు వెళ్తేనే డబ్బు. అది ఎలా పనిచేస్తోందో ఇంటింటికీ తిరిగి రాసుకోవడం నా ఉద్యోగం. మేం రాసిందాన్ని బట్టే ఆఫీసు పేర్లు ఉంచేది, తీసేది. ఆ ఇంటి కొడుకు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, కూలికి బట్ట నేస్తాడు. కోడలు బీడీలు చుడుతుంది. డబ్బు వస్తే కాన్పయ్యాక మూడు నెలలు తంబాకు చాట ముట్టనందట.

"కోడలేది అక్కా?" అని అత్తనడిగాను.

"గదేం అడుగుడు సారూ? తొలి కాన్పాయె. ఏడో నెల వడంగనే తల్లిగారు మందమర్రికి తోల్కపోయిండ్రు."

"మరి పరీక్షలు?"

"ఆడ డాక్టర్లు లేరా ఏంది? నీ పులేమన్న మింగిందా?"

ఫారంలో తల్లిగారింటికి గడి లేదు. 'కేంద్రానికి రాలేదు', 'నివాసం మారింది' అని రెండే ఉన్నాయి. మొదటిది గీస్తే డబ్బు ఆగుతుంది. రెండోది గీస్తే ఆ డబ్బు ఆమె వెంటే మందమర్రి పోతుందని నాకు నేనే కథ అల్లుకున్నాను. ఎవరినీ అడగలేదు. గీసేశాను.

"జర గూడ ఫికర్ చెయ్యకు. పైసలే నీ కోడల్ని దేవులాడుకుంట పోతయ్," అన్నాను.

ఇక్కడ పేరు కొట్టేశారు. మందమర్రిలో రేషన్ కార్డు లేదని అక్కడా ఎక్కించలేదు.

చలికాలంలో సర్వే రెండో విడత మొదలైంది. డబ్బు అందినవాళ్లనే అడగమన్నారు కాబట్టి నా జాబితాలో ఆ ఇల్లు లేదు. అయినా వెళ్లాను. ఊయల తాడు కాలి బొటనవేలికి చుట్టుకుని ఊపుతూ కోడలు బీడీలు చుడుతోంది. నెలల పసిది దగ్గినప్పుడల్లా కాలు ఆగుతోంది, చేతులు ఆగడం లేదు.

అత్త నాకు చాప వేయలేదు.

"నేను ఇల్లు మారిన అని రాసిన్రట గద సారూ," అంది కోడలు తలెత్తకుండా. "గిదే ఇల్లు. మారిందా, సూడుండ్రి."

"తప్పయింది బిడ్డా. ఆఫీసుల చెప్త."

"మేం చెప్పినం. సర్వే సారు ఇంటికొచ్చి రాసిండు, మీ మాట నడ్వదన్నరు."

మూడుసార్లు కరీంనగర్ ఆఫీసుకు తిరిగాను. నేను రాసింది అబద్ధమని నేనే చెబితే గుమస్తా కడుపు పట్టుకుని నవ్వాడు.

"గిది పులి కథ కంటె మంచిగున్నదే అన్నా!"

తర్వాత నివేదిక వచ్చింది. నెలనెలా పరీక్షకు వచ్చిన తల్లులకు మేలు జరిగిందని అందులో ఉంది. అబద్ధం కాదు.

ఆ పాప ఇప్పుడు లేచి నిలబడుతోంది. తల్లి ఒళ్లోని తంబాకు చాట అంచు పట్టుకుని.