కాలరు నాది, చొక్కా మా అత్తది

పందొమ్మిదివందల యాభైల్లో ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు కోడలిగా వెళ్ళినప్పుడు నా వెంట పెట్టెడు చీరలు, బండెడు గొప్పలు వెళ్ళాయి. ఆ గొప్పల్లో ఒకటి, నాకు మిషను కుట్టడం వచ్చునని. నిజానికి వచ్చింది పక్కింటివాళ్ళ మిషను చక్రం తిప్పడం వరకే. నేతవాళ్ళ ఇంట్లో మిషను ఎందుకుంటుందిలే అని నా ధీమా.

ఒకరోజు మగ్గానికి పాత కర్ర ఏదో కావాలని మామ అంటే అటకెక్కాను. మూలన దుప్పటి చుట్టిన బరువొకటి తగిలింది. విప్పితే చేత్తో తిప్పే కుట్టుమిషను! నల్లటి ఒంటిమీద బంగారు పూలు ఇంకా చెరగలేదు. నా ధీమాకే చిల్లు పడింది.

కిందికి దించగానే అత్త కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. "నా మిషనే ఇది. మాయమ్మ ఇచ్చింది. పెండ్లికి ముందరే ఆదోనిలో కుట్టేది నేర్చుకుంటి."

ఆమె కాపురానికి వచ్చిన రోజే వాళ్ళ అత్త దాన్ని అటకెక్కించిందట. మగ్గమున్న ఇంట్లో గుడ్డకు కత్తెర పెట్టకూడదన్నది ఆ ఇంటి కట్టడి. మామదీ అదే మాట.

"ఆదోని దర్జీ ఒకాయప్ప పాత మిషన్లు కొంటాండాడు. సంతరోజు వస్తాడు, ఇచ్చేస్తాము" అన్నాడు మామ.

"నన్ను అడగకుండానే?" అంది అత్త.

"అడిగేదేముందే? నేసిన గుడ్డకు కత్తెర పెడితే మగ్గం ఊరుకుంటాదా?"

"మగ్గం ఊరుకుంటాది. నువ్వే ఊరుకోవు. నేసింది అయిపోయినాక మగ్గం మీదనుంచి నువ్వు కోసేది లేదా?"

"అది కోసేది గాదు, దించేది."

"అట్లయితే నేనూ కోసేది లేదు. కత్తెరను నడిపిచ్చేది, అంతే."

మామ నవ్వు దాచుకుంటూ మగ్గం గుంతలోకి దిగాడు. మర్నాడు తను నేసిన తెల్లగుడ్డ తెచ్చి మిషను మీద పెట్టాడు. "సంతకల్లా చొక్కా కుట్టండి. ఒంటికి కుదిరితే మిషను ఉంటాది. లేకుంటే పోతాది."

కత్తిరించింది, కుట్టింది అత్తే. ఆమె చేతి కింద మిషను నిన్నటిదాకా నడిచినట్టే నడిచింది. "కాలరు నువ్వు కుట్టమ్మా, నీకు వచ్చు గదా" అంది చివర్లో. తలూపి మిషను ముందు కూర్చున్నాను. కుట్టాను. ఒక పక్క పడుకుంది, ఒక పక్క నిలబడింది. విప్పి కుట్టే వ్యవధి లేదు. నా గొప్పలే ఆమె మిషనును సాగనంపుతాయని భయపడ్డాను.

సంతరోజు దర్జీ రానే వచ్చాడు. మామ ఆ చొక్కా తొడుక్కుని గడపలో నిలబడ్డాడు. దర్జీ భుజాల కుట్టు చూశాడు, చేతులు చూశాడు. తర్వాత నవ్వాడు.

"కాలరు ఒక పక్క ఎగిరిందే అన్నా?"

"అది మా కోడలు కుట్టింది. మీ ఆదోనోళ్ళకు కాలరు ఎగరేసేది జాస్తి గదప్పా! కడమదంతా నా పెండ్లాము పని. యాడన్నా వంక ఉంటే సెప్పు."

దర్జీ ఇంకోసారి చూశాడు. "కాలరు తప్ప వంక లేదు."

"అయితే మిషను అమ్మేది లేదు. పోయిరాప్పా."

అత్త విననట్టే సూదిలోకి దారం ఎక్కిస్తోంది గానీ, దారం రెండుసార్లు తప్పింది.

ఆ రోజు సంతలో మామ కొనవలసిందేమీ లేదు. అయినా ఆ చొక్కాతోనే వెళ్ళి, ఎదురైనవాళ్ళందరినీ పలకరించి, పొద్దు గుంకాక ఇల్లు చేరాడు.