లడ్డు దవడలో దాగిన పన్ను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిజానికి అది అబద్ధం కూడా కాదు, చెప్పవలసినప్పుడు చెప్పని మాట. మిగతా రోజుల్లో ఎలాగో మరిచిపోతాను. ఆదివారం మాత్రం దాని బరువు బాగా తెలుస్తుంది.

మాది ఆళ్లగడ్డ. బడిలో పాఠాలు చెబుతాను. మా ఇంట్లో లడ్డు అనే పగ్ కుక్క ఉంది. ముడతల మొహం, చప్పిడి ముక్కు, అంతులేని ఆకలి. వీధి చివర మస్తాన్ భాయ్ మటన్ అంగడి. ఒకరోజు లడ్డు అక్కడ కింద పడిన ముక్కకు ఎగబడితే, అతను చిన్న రాయి విసిరాడు. తగిలిందో లేదో అతనూ చూడలేదు, నేనూ చూడలేదు. వారం తిరిగేసరికి లడ్డు కింది దవడ ఒకవైపు ఉబ్బింది. ఇంకేం, అంగడి ముందు నిలబడి, పదిమంది వింటుండగా, నోరులేని దాన్ని కొట్టడానికి చేతులెలా వచ్చాయని కడిగిపారేశాను. పాపం, అతను కత్తి పక్కన పెట్టి తల దించుకున్నాడు.

మరునాడు దాన్ని నంద్యాల తీసుకెళ్లాను. పశువుల డాక్టరు ఎక్స్‌రే తీసి వెలుగుకు పెట్టి చూపించాడు. ఒక చిన్న పన్ను. చిగుళ్లను చీల్చుకుని పైకి రావలసింది, రాకుండా ఎముకలోనే అడ్డంగా పడుకుంది. దాని చుట్టూ నీటి సంచి పెరిగి దవడ ఎముకను తినేస్తోంది. పొట్టి మూతి కుక్కల్లో ఇది ఉండేదేనట. దెబ్బకు వచ్చింది కాదట, ఎన్నాళ్ల నుంచో లోపల పెరుగుతోందట. మత్తిచ్చి ఆ పన్నునూ, సంచినీ పొరతో సహా తీసేశాడు.

తిరిగొచ్చేసరికి మస్తాన్ భాయ్ మా గుమ్మంలో ఉన్నాడు.

"డాక్టరేమన్నాడు సారూ? నా దెబ్బకేనా?"

"అయిందేదో అయిందిలే భాయ్."

"నా చెయ్యి మంచిది కాదు సారూ. ఇంగ యా కుక్క మీదా చెయ్యెత్తను."

ఎందుకు చెప్పలేదు? వీధిలో అంత అరిచిన సారు, తప్పు నాదేనని అనడానికి నామోషీ. అంతేనా? ఆ రోజుకు అంతే. కానీ ఆదివారం నల్ల కవర్లో కార్జం వచ్చింది. లడ్డుకట. ఆ తర్వాత ఏ ఆదివారమూ తప్పలేదు. చర్చిలో కళ్లు మూసుకుని, నా పాపాలన్నీ కలిపి ఒక్క మాటలో ఒప్పుకుని, తిన్నగా అంగడికి పోయి ఆ కవరు అందుకుని ఇంటికొస్తాను. నా అంత సిగ్గులేనివాడు ఇంకొకడుంటాడా? అందులో సగం మా పొయ్యి మీదే వేగుతుందని కూడా ఈ ఊపులో చెప్పేస్తున్నాను.

అతను మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు వీధికుక్కలన్నీ అంగడి ముందు పెళ్లివారిలా కూర్చుంటాయి. చూసి నవ్వుకుంటాను. కానీ ఎవరైనా వాటిని తరమమంటే, "నా చెయ్యి మంచిది కాదప్పా, సారు కుక్కను అడుగు" అంటాడు, నవ్వుతూనే. ఆ మాటకు మాత్రం నాకు నవ్వు రాదు. చేయని తప్పును అతను ఆరేళ్లుగా మోస్తున్నాడు, మోయిస్తున్నది నేను.

ఎక్స్‌రే బీరువాలో బట్టల కింద ఉంది. ఎన్నోసార్లు తీశాను, వీధి సగం దాకా వెళ్లాను, వెనక్కి వచ్చాను. ఈ ఆదివారమైనా చూపిస్తానా? ఏమో, మాటివ్వలేను. పక్కన లడ్డు గురకపెడుతోంది. ఇంతవరకూ రాశాక నాకే గుండె కాస్త తేలికైంది. నా పేరు చెప్పను గానీ, ఆ రోజు గుమ్మంలో చెప్పవలసిన మాట ఇక్కడైనా చెబుతాను. మస్తాన్ భాయ్ చెయ్యి మంచిదే.