బల్బు వెలగని రెండు తీగలు

ఆళ్లగడ్డలో కోయిలకుంట్ల రోడ్డు మీద ప్రభుదాసు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉండేది. పక్క గదిలో నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. నడపడం అనేది పేరుకే. రెండువేల మూడు తర్వాత ఒక్క పిల్ల కూడా నా గడప తొక్కలేదు. కంప్యూటర్లొచ్చి నా పదకొండు మిషన్లనూ మూలన కూర్చోబెట్టాయి. అయినా రోజూ తాళం తీసేవాణ్ణి. ఇంట్లో ఉంటే మా ఆవిడ సుబ్బలక్ష్మమ్మ చూపులు ఎవరు భరిస్తారు? అలా ఖాళీగా కూర్చుని ప్రభుదాసు పని చూసేవాణ్ణి.

తొంభై ఒకటిలో అతను షాపు పెట్టినప్పుడు ఉన్న సామానంతా ఒక బల్బు, దానికి రెండు తీగలు. ఒక తీగ బండి బాడీకి, ఇంకోటి అనుమానమున్న వైరుకు ఆనిస్తాడు. వెలిగితే కరెంటు వస్తున్నట్టు, లేకపోతే ఎక్కడో తెగినట్టు. తెగిన చోటు దొరక్కపోతే బ్యాటరీ నుంచి కొత్త వైరు లాగి కలిపేస్తాడు. దాన్నే డైరెక్టు ఇవ్వడం అంటారు. బేతంచెర్ల బండల లారీలు, చాగలమర్రి ట్రాక్టర్లు ఎన్ని ఆ డైరెక్టుతో ఇల్లు చేరాయో లెక్కలేదు. నంద్యాలలో దొరకని రిపేరు ప్రభుదాసు దగ్గర దొరుకుతుందని చెప్పుకునేవారు. ఆ మాట విన్న రోజు అతని నడక మారేది. నేను ఎగతాళి చేస్తే నవ్వేవాడు.

రెండువేల ఏడులో నారాయణ కొత్త వ్యాను కొన్నాడు. నారాయణ మా పక్క ఊరి రైతు. బెలుం గుహలకు యాత్రికులను తిప్పడానికి బండ్లు బాడుగకు పెట్టేవాడు. పదహారేళ్లుగా అతని బండ్లన్నీ ప్రభుదాసు చేతిలోనే పడ్డాయి.

"మీటరు ముళ్లు ఉన్నట్టుండి పడిపోతాండాయి ప్రభుదాసూ. కంపెనీ వాళ్లు వారం అంటాండారు. నువ్వుండగా నాకేం?" అని తాళం చేతికిచ్చి పోయాడు.

అది మే నెల. ప్రభుదాసుకు యాభై నాలుగేళ్లు. నడుము నొప్పి, చూపు మందం. పొద్దున్నుంచి మూడు లారీల కింద పడుకుని లేచాడు. డ్యాష్‌బోర్డు విప్పితే ఒకదానికొకటి మెలిపెట్టిన రెండు సన్నటి తీగలు కనిపించాయి. బల్బు ఆనించాడు. వెలగలేదు.

"ఈడ కరెంటే రాల్యా సారూ" అన్నాడు నాతో. ఇంక వెతికే ఓపిక లేదు. మెలి విప్పి, ఒక తీగకు బ్యాటరీ నుంచి డైరెక్టు ఇచ్చాడు.

ముళ్లన్నీ ఒక్కసారి పడిపోయాయి. డైరెక్టు పీకేసినా లేవలేదు. తాళం తిప్పితే ఇంజను ఉలకలేదు, పలకలేదు. ప్రభుదాసు తీగలు మళ్లీ మెలిపెట్టి, టేపు నీటుగా చుట్టి, నారాయణకు ఫోన్ చేశాడు. "ఇది నా చేత కాదన్నా, కంపెనీ వాళ్లను పిలిపించు" అన్నాడు. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు. నాకు తెలుసు, నేనూ నోరు మూసుకున్నాను.

మూడో రోజు నంద్యాల నుంచి కంపెనీ అమ్మాయి దీపిక ల్యాప్‌టాప్ తెచ్చింది. నారాయణ, అతని డ్రైవరు మహేష్ కూడా వచ్చారు. ఆమె మా అందరి ముందే బండి విప్పి చూసింది.

"ఎవరో ఈ జంట తీగల్లోకి బ్యాటరీ కరెంటు పంపినారు. మీటరు బాక్సు కాలిపోయింది" అంది.

నారాయణ మహేష్ వైపు తిరిగాడు. వాడు అంతకుముందు వారం వ్యానులో సొంతంగా పాటల సెట్టు బిగించుకున్నాడు.

"నీ పాటల పిచ్చే గదరా ఇది! తాళం ఆడ పెట్టి పో. రేప్పొద్దున్నుంచి రావాకు."

"నేను ఆ తీగలు ముట్టుకోల్యా అన్నా" అన్నాడు మహేష్. మొన్ననే పెళ్లయినవాడు. నారాయణ వినలేదు. వాడు తాళం కింద పెట్టాడు.

ప్రభుదాసు చేతిలో బల్బు పట్టుకుని నిలబడ్డాడు. నాకు అతని మీద జాలి, కోపం రెండూ వచ్చాయి. చెప్పు, చెప్పవయ్యా అని లోపల అరుస్తున్నాను. పైకి మాత్రం నేనూ చెప్పలేదు.

"వాడు కాదు నారాయణన్నా. నేనే. డైరెక్టు ఇచ్చినా. చెప్పనీకి సిగ్గయింది" అన్నాడు ప్రభుదాసు.

దీపికే మెత్తగా చెప్పింది. "ఈ తీగలు బలం మోసేవి కాదంకుల్, మాట మోసేవి. ఇంజను బాక్సు, బ్రేకు బాక్సు, మీటరు బాక్సు ఈ రెండింటి మీదే మాట్లాడుకుంటాయి. ఒకటి చెప్తే మిగిలినవన్నీ వింటాయి. మీరు బ్యాటరీ కలిపేసరికి ఎవరి మాట ఎవరికీ వినపడకుండా పోయింది. ఇంత చిన్న మాటకు బల్బు వెలగదు."

"మరి ముందు ముళ్లు ఎందుకు పడిపోతాన్నాయమ్మా?" అని అడిగాడు ప్రభుదాసు.

ఆమె చెప్పడానికి తటపటాయించింది. "మీటరు వెనక తీగలు కలిసే కప్లరులో ఒక పిన్ను వదులైంది. నొక్కితే సరిపోయేది."

ప్రభుదాసు తన వేళ్ల వైపు చూసుకున్నాడు. అలాంటి పిన్నులు వేలకు వేలు నొక్కిన వేళ్లు.

నారాయణ కింద ఉన్న తాళం తీసి మహేష్ చేతికిచ్చాడు. ప్రభుదాసుతో ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత అతని బండి ఒక్కటి కూడా మా వైపు ఆగలేదు. మిగతావాళ్లూ మెల్లగా తగ్గారు.

నెల తర్వాత ప్రభుదాసు రంగు డబ్బా, కుంచె తెచ్చి నా ముందు పెట్టాడు. అతని బోర్డు మీద 'అన్ని రకాల వాహనాలకు వైరింగ్ చేయబడును' అని ఉండేది.

"నీ చేతిరాత బాగుంటాది సారూ. 'అన్ని రకాల' తీసేసి 'పాత' అని రాయి."

వద్దని చెప్పబోయి, ఎందుకో రాసేశాను.

మహేష్ మాత్రం బెలుం పోతూ రోజూ మా ముందు నుంచే వెళ్లేవాడు. ఆగడానికి యజమాని ఒప్పుకునేవాడు కాదు. షాపు దగ్గరకు రాగానే ఒక్కసారి హారను కొట్టి పోయేవాడు. ప్రభుదాసు తలెత్తేవాడు కాదు. వ్యాను మలుపు తిరిగేదాకా విని అనేవాడు:

"బాగా మోగుతాంది సారూ. దానికి ఇంకా ఉత్త కరెంటు చాలు."