వంక తీసేశారు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా రోడ్ల ఆఫీసు ఒక డేరాలో ఉండేది. అందులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఊళ్ల నుంచి వచ్చే తెలుగు అర్జీలకు ఇంగ్లీషులో సారాంశం రాసి, పెద్ద గుమాస్తాగారికి ఇవ్వడం నా పని. మధ్యాహ్నానికి డేరా గుడ్డ కాగిపోయేది. అప్పటికి అన్ని అర్జీలూ ఒకే రోడ్డును అడుగుతున్నట్టు అనిపించేది.

బేతంచెర్ల దగ్గరి ఒక ఊరివాళ్లు, దోవలో వంక ఉండాదనీ, వానల్లో బండ్లు తిరగలేకుండా ఉన్నాయనీ, దాని సంగతి చూడమనీ రాశారు. నేను ఇంగ్లీషులో నీళ్లు పారే వంక అనే అర్థం వచ్చేలా రాశాను. పెద్ద గుమాస్తాగారు కోస్తా మనిషి. వంక అంటే వంపు కదా అమ్మాయ్, బండ్లు తిరగలేవంటే ఇంకేమిటి అని నా మాట కొట్టేసి దిద్దారు. ఆయన దిద్దినట్టే సాపు రాసి ఇచ్చాను. ఇంటికి పోయి డైరీలో మాత్రం ఒక పేజీ రాసుకున్నాను.

నెలలు గడిచాక ఆ ఊరి పెద్దాయన వచ్చాడు. ఫైలు చూసి గుమాస్తాగారు సంతోషంగా చెప్పారు.

"మీ వంక తీసేశాం పెద్దాయనా. రోడ్డు తిన్నగా వేయడానికి సంతకాలు కూడా అయిపోయాయి."

"యాడికి తీసినారు సామీ? పొద్దున గూడా దాంట్లో దిగే వస్తి."

డేరా అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. పోయిన ఏడు నొప్పులు పడుతున్న కోడల్ని మంచం మీద మోసుకొచ్చి, నీళ్లు తగ్గేదాకా ఒక పూటంతా గట్టు మీదే నిలబడ్డామని చెప్పాడు. మళ్లీ వానలు రాకముందే, బండ్లు దాటడానికి వంక మీద మోరీ కావాలన్నాడు.

"వంక అంటే మా పక్క వాగు సార్," అన్నాను. ఆ ఆఫీసులో నేను గట్టిగా మాట్లాడింది అదే మొదలు. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది అన్నారు గుమాస్తాగారు, కోపం లేకుండానే. ఫైలు వెనక్కి రాదు, కొత్త అర్జీ పెట్టుకోవాలి అన్నారు.

నేనే కూర్చుని రాశాను. ఈసారి వాగు అని రాసి చదివి వినిపించాను.

"మా ఊర్లో వాగు లేదు గదమ్మా," అన్నాడాయన. "రేపు ఎవురన్నా వచ్చి, ఈడ వాగే లేదని రాసుకపోతే?"

కాగితం మార్చి, వంక అనబడే వాగు అని రాశాను. ఆయన వేలిముద్ర వేసి, అర్జీలు తీసుకునే బల్ల ముందు వరుసలో కడాకు పోయి నిలబడ్డాడు.