పంట కాదు నాయనా, వంట!

చదివింది! మా భార్గవి చదివింది... చదవడమే కాదండీ, నా తప్పే పట్టుకుంది! పొద్దున్నుంచి ఎవరికి చెప్పినా "సరేలేప్పా, అయిదో తరగతి పిల్ల చదవక ఏం చేస్తాది" అంటున్నారు. వాళ్ళకేం తెలుసు... అందుకే ఇక్కడ రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి, నేను చదివిందీ అయిదే.

మా చిన్నప్పుడు... డోన్ దగ్గర మా పల్లె బళ్ళో చదువంటే అరుపే. అయ్యవారు ఒక ముక్క అనేవారు, మేమంతా గొంతు చించుకుని అదే ముక్క అనేవాళ్ళం. పుస్తకం ఒళ్ళో ఉండేది, చూపు కిటికీలో ఉండేది. ఎవడు చదువుతున్నాడో, ఎవడు పక్కవాడి నోరు చూసి అంటున్నాడో ఆ అరుపులో తేలేది కాదు. ఒంటరిగా లేపితే మాత్రం దొరికిపోయేవాళ్ళం. ఒకసారి దొరికితే గోడకుర్చీ... రెండోసారి "మొద్దు" అని పేరు... మూడోసారికి గొర్రెల వెంటో, బండల గనికో. నేను గనికి పోయాను. అప్పట్నుంచీ నాపబండలు కోయడం, చెక్కడం, పరచడం... ఇదే బతుకు.

భార్గవి మాకు లేకలేక పుట్టింది, నాకు యాభై దగ్గరపడ్డాక. మాటల పుట్ట! ఒక్కసారి వింటే కథ పొల్లుపోకుండా చెబుతుంది. పాఠం కూడా గడగడా అప్పజెప్పేది. మూడో తరగతిలో ఒకరోజు అన్నం తింటూ గమనించాను... నోట్లో పాఠం ఆగకుండా పోతోంది, వేలు మాత్రం బొమ్మ మీద ఉంది! పేజీ తిప్పి ఇంకోచోట చదవమన్నాను. మళ్ళీ అదే పాఠం చెప్పింది.

అక్కడ మొదలైందండీ నా తలనొప్పి. ప చూపిస్తే వ అంటుంది. మ చూపిస్తే య అంటుంది. నిన్న వచ్చిన అక్షరం ఇవాళ రాదు! అసలు ఈ అక్షరాలు చేసిన మహానుభావుడెవరో గానీ, అన్నిటినీ ఒకే అచ్చులో పోసి, ఒకదానికి తోక, ఒకదానికి చుక్క పెట్టి వదిలేశాడు. ఇక ఇంటికొచ్చిన ప్రతివాడూ వైద్యుడే. ఒకరు సరస్వతాకు తేనెలో రంగరించమన్నారు. ఒకరు అంతా సెల్లు వల్లే అన్నారు. బళ్ళో చూస్తే నోటుబుక్కు నిండా ఎర్రసిరాతో తప్పు, తప్పు, తప్పు... నేనూ అరిచాను, దాచడమెందుకు. ఒకరోజు ఆ నోటుబుక్కు తీసి వాకిట్లోకి విసిరేశాను.

అది ఏరుకొచ్చి నా పక్కన పెట్టి అంది నా బిడ్డ, "నేనింగ బడికి పోను నాయనా. నీ మాదిరి బండల కాడికే వస్తా."



కర్నూలులో ఒక టీచరమ్మ ఉందని తెలిసి పిల్లను తీసుకుపోయాను. ఇలాంటి పిల్లలకు నేర్పడమే ఆమె పని. "దీన్ని డిస్లెక్సియా అంటారప్పా. పాప తెలివికి ఏం తక్కువ ల్యా. అక్షరం ఉత్త కంటితో చూస్తే నిలబడదు ఆ పిల్లకు. నోటితో శబ్దం పలుకుతా వేలితో దిద్దనీ... ఇసకలో గానీ, గరుకు దాని మీద గానీ. కొంచెం కొంచెమే. తొందరపెట్టొద్దు, అరవొద్దు" అని చెప్పింది.

గరుకా! మా ఇంట్లో గరుకు కానిదేముంది? పనిలో మిగిలిన ముక్కబండల మీద జానెడేసి అక్షరాలు ఉలితో చెక్కాను. గాడిలో వేలు పెట్టి, శబ్దం పలుకుతూ పొద్దూ మాపూ దిద్దింది. ఒక్కో అక్షరానికి ఒక్కో వారం... కొన్నింటికి నెల! "బిరీన చెప్పవే" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేది. లేచి వీధిలో ఒక చుట్టు తిరిగి, ఆ మాట మింగి, మళ్ళీ వచ్చి కూర్చునేవాణ్ణి. ఏడాదిన్నర ఇదే వరస.

ఇవాళ పొద్దున కొత్త బండ మీద "పంట" అని చెక్కి ముందర పెట్టాను. వేలు పెట్టి దిద్దింది.

"వంట," అంది.

నాకు ఒళ్ళు మండింది. ఏడాదిన్నరగా దిద్దిన ప!

"సరిగ్గా చూడే."

మళ్ళీ దిద్దింది. "వంటే నాయనా."

"పంటే! చెక్కినోణ్ణి నేను, నాకు తెల్దా?"

ఇంతకుముందయితే నా మొహం చూసి వెంటనే మాట మార్చేసేది. ఇవాళ బండ మీద నుంచి తల ఎత్తలేదు.

"నువ్వేం చెక్కాలనుకున్యావో నాకెట్ల తెలుస్తాది? ఈడ ఉండేది చెప్తాండా. తలకట్టు అంటుకోనుండాది చూడు. అంటుకుంటే వ, ఎడంగా ఉంటే ప. నీ ఉలే జారింటాది!"

వంగి, నేనూ గాడిలో వేలు పెట్టి చూశాను... జారింది! గీత సాగి తలకట్టుకు అతుక్కుపోయింది.

వాకిలి ఊడుస్తున్న మా ఇంటామె అందుకుంది, "ఇంగేముండాది, వంటని చెక్కినావు గదా... ఈ పొద్దుకి నువ్వే చేయి!"

భార్గవి సుద్దముక్క తీసుకుని ఆ బండ మీదే పెద్దగా "తప్పు" అని రాసింది. ప ఒత్తు ఎక్కడా చెదరలేదండీ! రాసి, చేతులు దులుపుకుని అడిగింది, "ఆరోదానికి నన్ను యాడ చేర్పిస్తావు నాయనా?"



ఇప్పుడు దీనికొక పేరుంది, నేర్పే దారుంది. మా కాలంలో ఉన్నది ఒక్క పేరే. మీ బళ్ళో ఆ "మొద్దు" పేరు మోసినవాళ్ళు ఎవరు? ఇప్పుడు ఎక్కడున్నారు? గుర్తుంటే రాయండి, చదువుతాను... నిదానంగానైనా చదువుతాను.

నాకింకా చెప్పాల్సినవాళ్ళు మిగిలున్నారు. బద్వేలులో మా అక్కకు చెప్పాలి. వేంపల్లెలో మా బామ్మర్దికి చెప్పాలి, ఫోను ఎత్తితే. ఆదోనిలో మా చిన్నమ్మకు... ఆమెకు చెవుడు, కాస్త గట్టిగా చెప్పాలి. ఆఖరున మా తమ్ముడు ఓబులేసుకు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా వాడు "కండ్లద్దాలు మర్చిపోయి వచ్చినా, నువ్వే చదువప్పా" అంటాడు. వాడికి కళ్ళద్దాలే లేవు. వాడికి ఫోన్లో కాదు... భార్గవిని వెంటబెట్టుకుని పోయి చెప్పాలి.