మూడుసార్లు పోసిన వస

త్రిపురాంతకంలో బస్సెక్కిన గొర్రెల కాపరి నా పక్కన కూర్చున్నాడు. ఒడిలో మూడేళ్ల కొడుకు. మార్కాపురం ఆసుపత్రికట.

“మూడుసార్లు వస అరగదీసి పోసినామక్కా. మాట రాలే.”

నేను అంగన్‌వాడీ టీచర్ని. పొద్దంతా వాడితో ఎవరు మాట్లాడతారని అడిగాను.

“మేమిద్దరం జీవాల ఎంబడి పోతాం. మాయమ్మ కాడ ఉంటాడు. ఆమెకు చెవుడు.”

“నువ్వు మాట్లాడాలి నాయనా. కనిపించిందల్లా చెప్పాలి.”

అంతలో మంద అడ్డమొచ్చి బస్సు ఆగింది. “అవిగో, గొర్రెలని చెప్పు” అన్నాను.

అతను మందను చూసి నావైపు తిరిగాడు. “అయి గొర్రెలని వానికి తెల్సు గదక్కా. తెల్సినదాన్ని ఎందుకు చెప్పాల?”



మంద దాటుతుంటే అతను కిటికీలోంచి గొర్రెల్ని పిలిచే కూత ఒకటి వేశాడు. చివరి గొర్రె తల తిప్పి చూసింది. ఒడిలో పిల్లవాడూ తిప్పాడు.